పాత కంప్యూటర్‌కు లాన్ వైరు చాలు

గుంటూరు బ్రాడీపేటలో మా అక్కావాళ్ల ఇంటి ముందు గదిలో ఐదు పాత డెస్క్‌టాప్‌లున్నాయి. బావగారు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతారు. సాయంత్రాలు ఆ కంప్యూటర్ల మీదే టైపింగ్, కాస్త పైథాన్ నేర్పిస్తారు. అన్నీ నాలుగో తరం ఐ3లు, 4 జీబీ ర్యామ్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం నుంచి ఉండాలి. షాపులో అడిగితే "ఇవిక పనికిరావండీ, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి" అన్నారట.

పనికొచ్చాయి. ఐదింట్లోనూ ఇప్పుడు విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, డెబియన్ 13 నడుస్తోంది. ఒక్కదానికి కూడా పెన్‌డ్రైవ్ పెట్టలేదు. నా పాత ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా పెట్టుకుని, ఇంటి రౌటర్‌కు కట్టిన లాన్ వైర్ల మీదుగానే ఎక్కించాం. ఈ పద్ధతి పెద్ద ఆఫీసుల్లో సర్వర్ రూములకే అన్న ముద్ర బలంగా ఉంది. రెండుమూడు పాత కంప్యూటర్లున్న ఏ ఇంట్లోనైనా చేసుకోదగిన పని ఇది. పైగా, నెట్‌వర్కింగ్ చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి ల్యాబ్ నాకు తెలియదు.

బీటెక్ మూడో సంవత్సరంలో ఉన్న మా మేనల్లుడికి, నెట్‌వర్క్‌లో ప్రతి మెషీన్‌కూ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ పద్ధతిలోని నాలుగు మెట్లూ కంఠతా వచ్చు: డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్. పరీక్షలో రాశాడు, మార్కులూ వచ్చాయి. కళ్లతో మాత్రం ఎప్పుడూ చూడలేదు. ల్యాప్‌టాప్‌లో, వైరు మీద నడిచే సంభాషణను చూపించే టీసీపీడంప్ తెరిచి, మొదటి సీపీయూ స్విచ్ వేయించాను. నెట్‌వర్క్ నుంచి బూట్ అవమని చెబితే ఆ మెషీన్ చేసే మొదటి పని, తనకో అడ్రస్ ఇమ్మని లాన్ అంతటికీ వినబడేలా అడగడం. తెరమీద ఆ లైను పడగానే "మామయ్యా, డిస్కవర్ అంటే ఇదా!" అంటూ కుర్చీలోంచి లేచాడు.

ఆ వెంటనే సీపీయూ తెరమీద పీఎక్స్‌ఈ-ఈ53 అని వచ్చింది. పీఎక్స్‌ఈ అంటే నెట్‌వర్క్ మీదుగా బూట్ అయ్యే పద్ధతి, ఈ53 ఎర్రర్ నంబరు. మొదట నడపాల్సిన ఫైలు (బూట్ ఫైలు) పేరు అందలేదని దాని అర్థం. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. నిజానికి ఇక్కడ ఏదీ పాడవలేదు. రౌటర్ అడ్రస్ ఇచ్చింది, ఫైలు ఎక్కడుందో చెప్పలేదు. అద్దె ఇల్లు చూపించి, తాళం ఎవరి దగ్గరుందో చెప్పకుండా వెళ్లిపోయినట్టు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను ప్రాక్సీ పద్ధతిలో పెట్టాం. అది అడ్రసుల జోలికి పోదు, బూట్ ఫైలు సంగతి మాత్రమే చెబుతుంది. రౌటర్ ఉండగా ఇంకో పూర్తి డీహెచ్‌సీపీ సర్వర్ పెడితే మాత్రం ఏ ఫోన్‌కు ఎవరు అడ్రస్ ఇస్తున్నారో తెలియక ఇంట్లో నెట్ అంతా గందరగోళమవుతుంది.

ఫైలు తెచ్చేది టీఎఫ్‌టీపీ. 1980ల మొదట్లో పుట్టిన ప్రోటోకాల్. మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న కబురు వచ్చేదాకా ఆగి, తర్వాతి ముక్క పంపుతుంది. నెమ్మది. అందుకే సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్, దాని గుండెకాయ లాంటి కెర్నల్, ఇన్‌స్టాలర్ వరకే దానికి వదిలి, మిగతా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలన్నీ వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీ మీద తెచ్చుకోవాలి. ల్యాప్‌టాప్‌లోనే ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అనే ప్రోగ్రామ్ కూడా పెట్టాం. మొదటి మెషీన్ ఇంటర్నెట్ నుంచి దించిన ప్యాకేజీలు అక్కడ నిలవ ఉంటాయి, మిగతా నాలుగూ అక్కడినుంచే తీసుకుంటాయి. 100 ఎంబీపీఎస్ లాన్ అంటే సెకనుకు సుమారు 12 ఎంబీ. 2 జీబీ రావడానికి మూడు నిమిషాలు చాలు. ఆ తర్వాత ఆలస్యమంతా పాత హార్డ్‌డిస్కులదే. మొదటిదానికి గంట దాకా పట్టింది, తర్వాతివి ఒక్కోటి అరగంటలో అయిపోయాయి.

టెన్షన్ పెట్టిన విషయం వేరే ఉంది. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలన్నింటికీ ముందే జవాబులు రాసి ఒక ఫైల్లో పెట్టవచ్చు. డెబియన్‌లో దాన్ని ప్రీసీడ్ అంటారు, ఇతర లైనక్స్‌లైన ఉబుంటులో ఆటోఇన్‌స్టాల్, రెడ్‌హ్యాట్ వైపు కిక్‌స్టార్ట్. హాయిగా అనిపిస్తుంది గానీ, డిస్క్ చెరిపేయమంటావా అన్న ప్రశ్నకు కూడా అందులో అవునని రాసేస్తాం. ఎంటర్ కొట్టాక అది ఎవరినీ అడగదు. మూడో సీపీయూలో అక్క కూతురి పెళ్లి ఫొటోలున్న సంగతి ఆఖరి నిమిషంలో గుర్తొచ్చింది. ఆ సాయంత్రమంతా వాటిని కాపీ చేయడానికే సరిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే తొలి ప్రోగ్రామ్ సెట్టింగుల్లో, నెట్‌వర్క్ బూట్‌ను శాశ్వతంగా మొదట పెడితే, ఇన్‌స్టాల్ అయి రీస్టార్ట్ అయిన మెషీన్ మళ్లీ సర్వర్ దగ్గరికే వెళ్లి, మళ్లీ మొదటినుంచీ ఇన్‌స్టాల్ మొదలుపెడుతుంది. హార్డ్‌డిస్క్‌నే మొదట ఉంచి, ఆ ఒక్కసారికి బూట్ మెనూలో నెట్‌వర్క్ ఎంచుకోవాలి. జవాబుల ఫైలు వాడేవాళ్లకు నేను చేతులెత్తి చెప్పేది ఒకటే, ముందు బ్యాకప్ తీయండి.

పాత బయోస్‌కు ఒక బూట్ ఫైలు, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐకి వేరే ఫైలు కావాలి. మాకు ఒక పూట అక్కడే పోయింది. వైఫై మీద మామూలుగా ఇదంతా కుదరదు, వైరు ఉండాల్సిందే.

ఒక్క కంప్యూటరే ఉన్నవాళ్లకు పెన్‌డ్రైవే సులువు, ఈ తతంగం అక్కర్లేదు. టాలీ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌కు, అను ఫాంట్లతో పేజీలు కట్టే డీటీపీ షాపుకు లైనక్స్‌కు మారిపొమ్మని నేను చెప్పను. వాళ్ల పని విండోస్‌తో ముడిపడి ఉంది. ట్యూషన్ పిల్లలకు కావలసినవి బ్రౌజర్, లిబ్రేఆఫీస్, పైథాన్, తెలుగు కీబోర్డు. అవన్నీ ఆ ఐ3ల మీద ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి. వాటిని తుక్కు కింద ఇచ్చేసి ఉంటే బావగారు అయిదు కొత్త సీపీయూలు కొనాల్సి వచ్చేది. ట్యూషన్ ఫీజులతో అయ్యే పని కాదది.

నేను విజయవాడ వచ్చేశాక సర్వర్ ల్యాప్‌టాప్ మేనల్లుడి దగ్గరే వదిలేశాను. నిన్న రాత్రి ఫోన్ చేశాడు. ఎదురింటివాళ్లు అటక మీది సీపీయూ దించి, దుమ్ము దులిపి తెచ్చారట. తెరమీద ఈసారి పీఎక్స్‌ఈ-ఈ61. వైరు చూడరా అన్నాను. క్లిప్పు విరిగి, కదిలిస్తే ఊడొస్తోందట. పొద్దున్నే కొత్త వైరు కొనుక్కొచ్చి మళ్లీ చేస్తానన్నాడు.