చిన్న తరగతికి మాస్టారు పనికిరాడా?

"ఒకటో తరగతి ఆడవాళ్ల పని. మగవాళ్లకు ఓపిక ఉండదు. వేరే ఉద్యోగం దొరకనివాడే అక్కడికి వస్తాడు." శ్రీకాకుళం జిల్లాలో మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో కొద్ది రోజులుగా తిరుగుతున్న సందేశమిది. మెళియాపుట్టి వైపు ఒక బడిలో ఒకటి, రెండు తరగతులు చెబుతున్నవాడిని, ఊరుకోలేకపోయాను.

మొదటి మాట. వీధి బడుల్లో ఇసుక మీద ఓనమాలు దిద్దించినవాళ్లు పంతుళ్లే. 'పంతులమ్మ' అన్న మాట 'పంతులు' నుంచే పుట్టింది. ఈ జిల్లాలోనే శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. తర్వాత సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయనను ఏ లెక్కలో వేస్తారు?

ఓపిక సంగతి. మొదటి ఏడాది నాకు నిజంగానే లేదు. మా తరగతిలో ఒక పాపకు ప్రార్థన అయ్యేసరికి జడ ఊడిపోయేది. తండ్రి చెన్నైలో తాపీ పనికి వెళ్లాడు, తల్లి తెల్లవారకముందే జీడిపప్పు పనికి పోతుంది. పాప రిబ్బను నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగి నిలబడేది. మా ఆవిడ దగ్గర నేర్చుకుని వరండాలో అందరి ముందే జడ వేశాను. ఎలుక తోకలా వచ్చింది. "అమ్మ ఇలా వెయ్యదు మాస్టారూ" అని విప్పించింది. ఇప్పుడు మడత జడ కూడా వేస్తాను. ఓపిక అంటే ఇంతే, చేయగా చేయగా వస్తుంది.

ఆడపిల్లల తల్లిదండ్రుల భయాన్ని మాత్రం కొట్టిపారేయను. అందుకే గది తలుపు మూయను. పిల్లలు బట్టలు తడుపుకుంటే భోజనం వండే అమ్మను పిలుస్తాను. అలాంటి కట్టుబాటు బడిలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ ఉండాల్సిందే.

ఇక దిక్కులేనివాడి ఉద్యోగమట! చిన్న తరగతుల పోస్టుకు బి.ఎడ్. చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే తేల్చింది. రెండేళ్ల డి.ఎడ్. చదవాలి, టెట్ అనే అర్హత పరీక్ష దాటాలి, డీఎస్సీ నియామక పరీక్షలో నెగ్గాలి. అయినా ఆ వాక్యంలోని అవమానం నాకన్నా పక్క గదిలోని టీచరమ్మకే ఎక్కువ తగులుతుంది. 'ఆడవాళ్ల పని' అంటే తేలిక పని అనేగా వారి ఉద్దేశం!

ఆ సందేశాన్ని నాకు పంపినవాళ్లలో ఇద్దరు మాస్టార్లే. ఇద్దరూ హైస్కూలు ప్రమోషన్ జాబితా కోసం ఎదురుచూస్తున్నారు.