కెప్టెన్ గారు పడుకున్న మంచం

నెదర్లాండ్స్ ప్రభుత్వం వారికి అర్జంటుగా తెలియజేయవలసిన సంగతి ఒకటుంది. 1602లో పుట్టి, 1799 చివరికి దివాలా తీసి మూతపడ్డ వారి ఈస్టిండియా కంపెనీ మన తీరానికి బట్టల వ్యాపారం కోసం వచ్చిందని చరిత్రకారులు రాశారు. పొరపాటు. వాళ్ళు వచ్చింది నిద్రపోవడానికి. భీమిలిలో కాస్త పాత గోడ ఉన్న ఏ ఇంటికైనా వెళ్ళండి, లోపల ఒక కిర్రు మంచం ఉంటుంది, దాని మీద ఒక డచ్ కెప్టెన్ పడుకుని ఉంటాడు. ఇన్ని మంచాల మీద ఒళ్ళు వాల్చినవాడు బేళ్ళు ఎప్పుడు ఓడెక్కించాడో, లెక్కలు ఎప్పుడు రాశాడో నాకు తెలీదు. కంపెనీ ఎందుకు మునిగిందో మాత్రం తెలిసిపోయింది.

ఇప్పుడా మంచాలన్నిటినీ హెరిటేజ్ హోమ్‌స్టే అంటున్నారు. పడక, పొద్దున్న ఫలహారం, మధ్యలో చరిత్ర. పడకకీ ఫలహారానికీ మామూలు రేటే. చరిత్రకి వేరే.

వైజాగ్ వాడివి, గంటలో వెళ్ళొచ్చే భీమిలిలో రాత్రి పడుకోవడమేమిటని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రుషికొండ దాటి, మంగమారిపేట దాటి, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుంటూ బీచ్ రోడ్డున పోయి, సముద్రం ఒడ్డున బజ్జీలు తిని, చీకటిపడే లోపల ఇల్లు చేరడం మనకు తరతరాల ఆచారం. కానీ హైదరాబాద్ నుంచి మా తోడల్లుడు దిగాడు. "అన్నయ్యగారూ, హోటళ్ళు బోర్ కొట్టేశాయండీ, ఈసారి ఎక్స్‌పీరియన్స్ తీసుకుందాం" అన్నాడు. ఫోన్లో ఫొటోలు చూపించాడు. ఫొటోల్లో కిటికీ ఉంది, కిటికీలో వెలుతురుంది, వెలుతుర్లో ఇత్తడి చెంబుంది. రాత్రికి 6,000.

హోమ్‌స్టేలకి కేంద్ర పర్యాటక శాఖ ఎప్పుడో నిబంధనలు పెట్టింది. ఆరు గదులకి మించరాదు, పన్నెండు మంచాలకి మించరాదు, ఇంటివాళ్ళు కుటుంబంతో సహా ఆ ఇంట్లోనే కాపురం ఉండాలి. వచ్చినవాడు చుట్టంలా ఉండి వెళ్ళాలని సర్కారు వారి సదుద్దేశం. అయితే ఆ మూడో నిబంధన రాసిన అధికారి ఎవరో ఆయన చుట్టరికాల గురించి బొత్తిగా ఎరగని మనిషి. హోటల్లో నీళ్ళు రాకపోతే మేనేజరు కనిపించకుండా పోతాడు, మనం హాయిగా తిట్టుకుంటాం. ఇక్కడ నీళ్ళు రాకపోతే ఇంటాయన వెంటనే ప్రత్యక్షమై, నీళ్ళు ఎందుకు రావో 17వ శతాబ్దం నుంచి మొదలుపెడతాడు.

మా గది పేరు కెప్టెన్ గది. పక్కది గవర్నర్ గది. వెనక పశువుల కొట్టాన్ని బాగుచేసిన దానికి మర్చంట్ సూట్ అని పేరు. కెప్టెన్ గదిలో పడక కుర్చీ ఉంది, దానికి అడ్డంగా తాడు కట్టి ఉంది. "ఇది చరిత్ర. దయచేసి కూర్చోకండి" అని చీటీ. గది మొత్తానికి కూర్చోదగిన వస్తువు అదొక్కటే. తక్కిన చరిత్ర మీద, అంటే మంచం మీద, పడుకోవచ్చు. కిటికీ తలుపులు ఉప్పుగాలికి ఉబ్బి మూసుకోవు. దోమతెరకు చిల్లు ఉంది. చిల్లు కూడా ఒరిజినలేనట.

పైకప్పు గురించి అడిగాను. "ఒరిజినల్ డచ్ రూఫ్ సార్" అన్నాడు ఇంటాయన. పైకి చూస్తే ఊడి వేలాడుతున్న పెంకు మీద మంగుళూరు ముద్ర అక్షరాలా కనిపిస్తోంది. మంగుళూరులో బాసెల్ మిషన్ పాదిరీలు ఆ పెంకులు కాల్చడం మొదలుపెట్టింది 1860ల్లో. డచ్చివాళ్ళు భీమిలి ఖాళీచేసింది 1825లో. నేను చాలా మర్యాదగా, "ముందే ఆర్డరిచ్చి వెళ్ళారేమోనండీ" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఉండొచ్చు సార్, వాళ్ళ ప్లానింగే వేరు" అన్నాడు.

ఆ ఖాళీ చెయ్యడం సంగతి కూడా చెప్పుకోవాలి. 1824లో లండన్‌లో ఇంగ్లీషువాళ్ళూ డచ్చివాళ్ళూ కూర్చుని బేరం కుదుర్చుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు సుమత్రాలో బెంకూలెన్ ఇచ్చారు, డచ్చివాళ్ళు ఇండియాలో తమ వర్తక కోఠీలన్నీ రాసిచ్చేశారు. అంత సులువుగా ఎలా వదులుకున్నారా అని చరిత్ర విద్యార్థులు తలలు బద్దలుకొట్టుకుంటారు. ఆ మంచం మీద ఒక్క రాత్రి పడుకుంటే చాలు. తెల్లవారుజామున నేను కూడా దేని మీద కావాలన్నా సంతకం పెట్టి ఉండేవాణ్ణి.

భీమిలి పక్కన పావురాలకొండ ఉంది. రెండువేల ఏళ్ళ కిందటి బౌద్ధ భిక్షువులు ఆ రాతిని తొలిచి తొట్లు కట్టి వాననీళ్ళు పట్టుకున్నారు. కొండ దిగువన కెప్టెన్ గదిలో రాత్రి పది దాటితే కుళాయి రాదు. కరెంటు పోతే ఇంటాయన లాంతరు తెచ్చి, "లక్కీ సార్ మీరు, ఇది ప్యాకేజీలో లేదు" అన్నాడు.

ఇదంతా సహించాను. అసలు ఘట్టం పొద్దున్న జరిగింది.

ఫలహారం ఎనిమిదిన్నరకి. ఎనిమిదింపావుకే మా వాళ్ళందర్నీ వరండాలో పొడుగుబల్ల ముందు కూర్చోబెట్టారు. బల్ల మీద ప్లేట్లున్నాయి, వాటిలో ఏమీ లేదు. గవర్నర్ గది తాలూకు బెంగళూరు జంట, మర్చంట్ సూట్ తాలూకు ఒంటరి ఫొటోగ్రాఫరు, మేము. ఇంటాయన పైపంచె వేసుకుని వచ్చాడు. చేతులు జోడించాడు. "తినేముందు చిన్న కథ" అన్నాడు.

కథలో ఓడ బయల్దేరింది. నేను గడియారం చూసుకున్నాను. ఓడ ఆఫ్రికా చుట్టూ తిరుగుతోంది. వీధిలోంచి ఇడ్లీ బండి గంట వినిపించింది. మా తోడల్లుడు గోడవైపు చూశాడు, గోడ రెండడుగుల మందం, అవతల ఏముందో కనిపించదు. ఓడలో స్కర్వీ జబ్బు వచ్చింది. ఫొటోగ్రాఫరు తన ఖాళీ ప్లేటుని నాలుగు కోణాల్లోంచి ఫొటో తీశాడు. ఓడ మచిలీపట్నంలో ఆగింది, ఇంకా మన జిల్లాకు రాలేదు. బెంగళూరు అమ్మాయి, "ఎక్స్‌క్యూజ్ మీ, కాఫీ?" అంది. "వస్తోంది మేడమ్, ఓడలో అదే వస్తోంది" అన్నాడాయన, తడుముకోకుండా. మనిషిలో కళ ఉంది, కాదనను.

ఎట్టకేలకు ఓడ లంగరు వేసింది. లోపల్నుంచి ఐదు మట్టి గిన్నెలు వచ్చాయి. ఒక్కోదాని మీద అరిటాకు ముక్క, ఆకు మీద ఒక పచ్చిమిరపకాయ, అర ఉల్లిపాయ. ఆయన గొంతు తగ్గించి, "ఫింగర్ మిల్లెట్ గ్రూయెల్, ఫర్మెంటెడ్, ఏన్షియెంట్ గ్రెయిన్. 2023ని ఐక్యరాజ్యసమితి మిల్లెట్ల సంవత్సరమని ప్రకటించింది కదా, అంతకుముందు నుంచే మేం సర్వ్ చేస్తున్నాం" అన్నాడు. బెంగళూరు కుర్రాడు గిన్నెని రెండు చేతుల్తో తీర్థంలా పట్టుకున్నాడు.

చోడంబలి. అయ్యా, అది చోడంబలి, రాగి అంబలి. మన ఉత్తరాంధ్రలో పొలానికి పోయేవాడు, వలకి పోయేవాడు, రిక్షా తొక్కేవాడు తాగి వెళ్ళే చోడంబలి. ఎండాకాలం వైజాగ్ రోడ్ల మీద కుండతో కూర్చుని గ్లాసుల్లో అమ్మే చోడంబలి. దాన్ని గురించి ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు, గ్లూటెన్ దగ్గరికి వచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ, గిన్నెలు తెచ్చిన ఆవిడే, ఇక ఉండబట్టలేక అంది: "చోడంబలికి ఇంత కతేటి బాబూ? ఈగలు వాల్తన్నాయి, తాగీండి."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఇంటాయన నవ్వలేదు. నేను, "బాగుందమ్మా, నువ్వే చేశావా?" అన్నాను. ఆవిడకి హుషారొచ్చింది. "మరెవలు సేస్తారు బాబూ. మా ఇంటాయన సిట్టివలస జూట్ మిల్లుకి పొద్దుటేల షిఫ్టుకి ఇదే తాగి ఎల్లీవోడు. మిల్లు మూసేసినారు. అంబలి ఉండిపోనాది."

"నువ్వు లోపలికెళ్ళమ్మా, గెస్టులతో మాట్లాడొద్దని చెప్పానా" అన్నాడు ఇంటాయన.

ఇక్కడిదాకా నేను వేళాకోళమే ఆడుతున్నాను. ఇకపై ఆడలేను.

ఆ వరండా గోడల నిండా ఫ్రేములు. ఓడల బొమ్మలు, డచ్ పటాలు, విగ్గులు పెట్టుకున్న దొరలు. ఎవరో ఊరూ పేరూ లేని కెప్టెన్‌కి ఒక గది, ఒక మంచం, ఒక కథ, పూటపూటకీ ఒక ప్రవచనం. అదే భీమిలికి ఆనుకుని ఉన్న చిట్టివలసలో పందొమ్మిదో శతాబ్దపు జూట్ మిల్లు ఉండేది. వేలమంది అందులో గోనె నేశారు. 2009లో మూతపడింది. తండ్రులు, కొడుకులు, అల్లుళ్ళు ఒకే గేటులోంచి వెళ్ళినవాళ్ళు, గేటు బయట టెంటు వేసుకుని బకాయిల కోసం కూర్చున్నారు. ఆ గోడ మీద వాళ్ళ ఫొటో ఒక్కటి లేదు. మిల్లు సైరన్‌కి వంట మొదలుపెట్టిన ఆడది ఆ వంటింట్లోనే బతికి ఉంది, ఆ ఊరి చరిత్ర ఆవిడకి నోటికొచ్చు, ఆవిడ్ని నోరు మూసుకోమన్నారు. మూడు వందల ఏళ్ళ కిందట బట్టలు చవగ్గా కొనుక్కుపోదామని వచ్చిన పరాయివాడు పడుకుంటే వారసత్వం, మన ఊరివాడు పనిచేస్తే పాత గొడవ! ఏం సిగ్గు లేదా మనకి? దొరలు నిజంగా పడుకున్న చోటు ఒకటుంది, హాలండర్స్ గ్రీన్ అనే శ్మశానం. దానికి మాత్రం బుకింగులు రావు కనుక ఇంటాయన మమ్మల్ని అటు తీసుకెళ్ళలేదు. ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ళుగా గాలీ నీరూ కట్టినవి, యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి 2025లో ఎక్కాయి. అంతకు ముందేడే అక్కడ యంత్రాలు దించి చదును చేస్తుంటే జనం కోర్టుకి పరిగెత్తాల్సి వచ్చింది. అదీ మన వారసత్వ భక్తి. కుర్చీకి తాడు కడతాం, కొండకి బుల్డోజరు కడతాం.

సరే. బిల్లు వచ్చింది. గది అద్దె, పన్ను, లాంతరు (ప్యాకేజీలో లేదని ముందే చెప్పాడుగా), ఇవి కాక 750 రూపాయలు హెరిటేజ్ పరిరక్షణ రుసుము. ఏం పరిరక్షిస్తున్నారని అడిగాను. గోడ పగులులోంచి మొలిచిన రావిమొక్కని చూపించి, "దాన్ని పీకితే గోడ పడిపోతుంది సార్, అందుకని పెంచుతున్నాం" అన్నాడు.

డబ్బు ఫోన్లో కొట్టబోతే సిగ్నల్ లేదు. రెండడుగుల గోడ మహిమ. "వీధిలోకి వెళ్తే వస్తుంది సార్" అని ఆయనే చెప్పాడు. నేనూ మా తోడల్లుడూ వీధిలోకి వెళ్ళాం. ఇడ్లీ బండి ఎదురుగానే ఉంది. వేడివేడి ఇడ్లీల మీద బొంబాయి చట్నీ గరిటెతో పోసింది బండామె, కథేమీ చెప్పలేదు. రెండో ప్లేటు కూడా అయ్యాక మా తోడల్లుడు, "అన్నయ్యగారూ, ఇదే కదండీ ఎక్స్‌పీరియన్స్" అన్నాడు. నేను జవాబివ్వలేదు, నోట్లో ఇడ్లీ ఉంది.

ఫోన్లో సిగ్నల్ నిండుగా వచ్చింది. ఇడ్లీల డబ్బు ముందు కొట్టాను. హోమ్‌స్టే వాళ్ళది కూడా కొట్టాను లెండి, 750 తగ్గించి. ఇంటాయన ఫోన్ చేశాడు. ఆ మొక్కకి మా వంతుగా ఒక చెంబుడు నీళ్ళు పోసేసి వస్తామని చెప్పాను, కుళాయి వచ్చినప్పుడు.