పడవకో చెరువు కావలెను

2022 వేసవిలో మా బావమరిది పడవ కొన్నాడు. గాలి నింపుకునే రబ్బరు పడవ. ఇద్దరు పడతారు, ఊపిరి బిగబట్టుకుంటే ముగ్గురు. అతను పుట్టింది పుట్టి తిరిగే కృష్ణ ఒడ్డున, ఉంటున్నది బెంగళూరు మారతహళ్లిలో. ఆదివారం పూట గాలం వేసుకుని కాసేపు నీళ్ల మీద కూర్చోవాలన్నది అతని కోరిక. పెద్ద కోరికేం కాదు. కాకపోతే దానికి నీళ్లు కావాలి.

ధర్మాంబుధి చెరువు మీద మెజెస్టిక్ బస్టాండు ఉంది. సంపంగి చెరువులో కంఠీరవ స్టేడియం కట్టి పరుగు పందేలు పెడుతున్నారు. బెళ్లందూరులో నీళ్లున్నాయి గానీ, అక్కడ 2015లో మురుగునీటి నురుగు రోడ్డెక్కింది, 2017లోనూ 2018లోనూ చెరువే అంటుకుంది. చెరువును ఆర్పడానికి ఫైరింజన్ పిలిచిన ఊళ్లో లైఫ్ జాకెట్ ఏం వేసుకుంటాం? బకెట్టుతో నీళ్లు తీసుకెళ్లాలి.

చివరికి ఊరి చివర ఒక చెరువు దొరికింది. కాలిపంపు తొక్కితొక్కి పడవ ఉబ్బేసరికి మా పిక్కలూ ఉబ్బాయి. ఇద్దరం మోసుకెళ్లి దింపాం. పడవ తేలింది. ఒక్క చుక్క నీరు తగల్లేదు, ఎందుకంటే అది తేలింది గుర్రపుడెక్క మీద. తెడ్డు వేస్తే ఆకులు కదిలాయి, మేం కదల్లేదు. అంత ప్రశాంతత నేను గుళ్లో కూడా చూడలేదు.

ఇంతలో కాపలా మనిషి వచ్చాడు. అనంతపురం ఆయన.

"సామీ, గాలం వేయగూడదు. చేపలు టెండరు పాడుకున్నోళ్లవి."

"మరి నీళ్లు?"

"గవర్నమెంటువి."

"ఈ గుర్రపుడెక్క?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "అది కావాలంటే ఎంతైనా తీసకపోండి."

పడవ దింపాలంటే నీళ్లొక్కటే చాలవని అప్పుడే తెలిసింది. రేవు కావాలి. నీళ్లలోకి మెల్లగా వాలే సిమెంటు దారి, జారకుండా గీతలు, బండిని వెనక్కి నడిపేంత వెడల్పు. ఈ ఊరి చెరువుల దగ్గర అలాంటిది మాకొక్కటీ కనబడలేదు. ప్రతి అపార్ట్‌మెంటు బేస్‌మెంటుకీ మాత్రం ఉంది! బిల్డర్లను ఊరికే ఆడిపోసుకుంటాం గానీ, వాళ్ల ముందుచూపు మనకెక్కడిది?

ఆ సెప్టెంబరులో వానలు కురిశాయి. అవుటర్ రింగ్ రోడ్డు వైపు సాఫ్ట్‌వేర్ వాళ్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. పూడ్చిన కాలువలు తెలియక పాపం నీళ్లు పాత దారినే వచ్చి, మా వాడి బేస్‌మెంటులో దిగాయి. కంచె లేదు, టెండరు లేదు, గుర్రపుడెక్క లేదు. ర్యాంపు మీంచి పడవ వెన్నలా జారింది. మా వాడు తన కారు పైకప్పుకే తాడు కట్టి, గాలం తీశాడు.

పైనుంచి సెక్యూరిటీ అతను రిజిస్టరు పట్టుకుని కేకేశాడు: "సార్, బండి నంబరు చెప్పండి. పార్కింగ్ స్టిక్కర్ లేకుండా లోపలికి పోనివ్వం."