పట్టాలు కాదు బాబూ, ముందు కీళ్ళు చూడండి

గది నిండా బుల్లి రైలు తిరగాలన్న కోరికలో తప్పేమీ లేదు. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ మీద ఓవల్ తిరిగినంతకాలం అందరిదీ హాయే. రెండో షీటు తెచ్చి పక్కన ఆనించి, పట్టాలకి జాయినర్లు తొడిగి "లేఅవుట్ పెరిగింది" అని ఫొటో పెడతారు. పది రోజులు తిరక్కుండానే ఇంజను అతుకు దగ్గర ఆగి, వేలితో తోస్తే గానీ కదలదు. అప్పుడు ఇంజనుకి తిట్లు, కంట్రోలరుకి శాపనార్థాలు. పాపం వాటి తప్పేముంది? పెరిగింది బల్ల, పెరగనిది తీగ.

రైల్ జాయినర్ పని రెండు పట్టాలని వరసలో నిలబెట్టడం వరకే. కరెంటు మోసే పని దాని మీద పెట్టకూడదు. కొత్తలో బిగువుగా ఉంటుంది, రెండుసార్లు ఊడదీసి పెడితే వదులవుతుంది, మన బరంపురంలో గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి దాని లోపల చిలుము పట్టిస్తుంది. పది జాయినర్లు దాటేసరికి 12 వోల్టుల్లో ఎంత మిగిలిందో మల్టీమీటరు పెడితే తెలుస్తుంది.

లెక్క చూడండి. 1 చదరపు మి.మీ. రాగి తీగకి మీటరుకి సుమారు 17 మిల్లీ ఓములు. చాలామంది వాడేది బొమ్మల్లోంచి పీకిన 0.2 తీగ, దానికి దాదాపు 86. పది మీటర్ల దూరానికి పోనూ రానూ ఇరవై మీటర్లు, అంటే 1.7 ఓములు. ఇంజను ఒక ఆంపియరు లాగితే 1.7 వోల్టులు దారిలోనే పోయాయి. అదే ఇంట్లో సాకెట్లకి వేసే రెండున్నర వైరు బల్ల కింద పొడుగునా లాగితే 0.14 వోల్టులే పోతాయి. ఎరుపొకటి, నలుపొకటి. దాన్నుంచి ప్రతి మీటరుకీ రెండు పట్టాలకీ 0.5 తీగ ముక్కలు, ఒక్కోటి జానెడు మించకుండా. ఏ పట్టాముక్కా సొంత తీగ లేకుండా ఉండకూడదు.

టంకం పెట్టేటప్పుడు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ వాడి పట్టాని నిమిషంసేపు కాలుస్తారు, ప్లాస్టిక్ స్లీపర్లు కరిగిపోతాయి. 60 వాట్లది తీసుకుని రెండు సెకన్లలో ముగించండి, అటూ ఇటూ తడి దూది పెట్టండి. ఫ్లక్స్ మాత్రం రోజిన్‌దే. గిన్నెలకి మాట్లు వేసే యాసిడ్ ఫ్లక్స్ వాడితే ఆర్నెల్లలో తీగ పచ్చబడి ఊడొస్తుంది. డీసీసీ (పట్టాల్లోంచే డిజిటల్ సంకేతాలతో ఇంజన్లని నడిపే పద్ధతి) ఉన్నవాళ్ళు చివరి మూలన రెండు పట్టాల మీద ఐదు రూపాయల బిళ్ళ పెట్టండి. పట్టాలకి కరెంటు ఇచ్చే బూస్టరు పెట్టె వెంటనే ట్రిప్ అవ్వాలి. అవకపోతే ఆ మూలకి తీగ చాలలేదు, ఏదో రోజు ఆ షార్టులో ఇంజను బోగీ కరుగుతుంది.

ఇక కర్ర సంగతి. బరంపురంలో వానాకాలమంతా గాలిలో నీళ్ళే. ప్లైవుడ్ పొడవుకి పెద్దగా పెరగదు గానీ, ఎండని కర్రతో కట్టిన చట్రం మెలి తిరుగుతుంది. 12 మి.మీ. బీడబ్ల్యూపీ (నీళ్ళకి తట్టుకునే) ప్లై, కింద మూడంగుళాల వెడల్పు ఎండు కర్ర, ప్రతి 40 సెం.మీ.కీ అడ్డకర్ర ఉండాలి. రెండు బల్లల్ని మేకులతో కొట్టకండి. రెండు డోవెల్ పిన్నులు (ఎదురెదురు కన్నాల్లో దూరే గుండ్రటి చీలలు) వరస చూసుకుంటాయి, రెండు 8 మి.మీ. బోల్టులు బిగువు చూసుకుంటాయి. అద్దె ఇల్లు మారినా రంపం పట్టక్కర్లేదు. మిస్త్రీ నవ్వుతాడు, నవ్వనివ్వండి.

బల్లల అతుకు మీద పట్టా ఎలా దాటాలన్నది అసలు విద్య. అంచుకి రెండు వైపులా రాగిపూత సర్క్యూట్ బోర్డు ముక్కని స్క్రూలతో బిగించి, పట్టాని విరగ్గొట్టకుండా దాని మీద టంకంతో అతికించి, చల్లారాక సన్నటి డిస్కుతో సరిగ్గా అతుకు మీద కోయాలి. ముందే కోసి అతికిస్తే రెండు చివరలూ ఎప్పటికీ ఎదురెదురు రావు. ఆ రాగిపూతని రెండు పట్టాల మధ్య గీసి తెంచడం మర్చిపోతే, స్విచ్ వేసిన క్షణమే షార్టు. మిగతా జాయింట్లలో విజిటింగ్ కార్డు మందం సందు వదలండి. మూడు మీటర్ల పట్టా ఇరవై డిగ్రీల వేడి తేడాకి ఒక మి.మీ. సాగుతుంది, చోటు లేకపోతే పాములా పక్కకి వంగుతుంది.

సరే, పెంచి ఏం కడతారు? అందరికీ కేకే (కొత్తవలస-కిరండూల్) లైను ఘాటే కావాలి. హెచ్‌ఓలో, అంటే అసలు రైలుకి 87వ వంతు సైజులో, ఒక లైను మీదుగా ఇంకోటి దాటాలంటే 8.5 సెం.మీ. ఎత్తు కావాలి. నూటికి రెండు చొప్పున ఎక్కితే 4.25 మీటర్ల పరుగు. మీ గది పదడుగులు. పైగా ఐసీఎఫ్ పెట్టె (పాత నీలం ప్రయాణికుల పెట్టె) 1:87లో 245 మి.మీ. ఉంటుంది, 24 అంగుళాల వ్యాసార్ధానికి తక్కువైతే వంపులో వికారంగా బయటికి తోసుకొస్తుంది.

నా మాట వినండి, పర్లాకిమిడి లైను కట్టండి. నౌపడ నుంచి 1900లో మొదలై, తర్వాత గుణుపురం దాకా పాకిన రెండున్నర అడుగుల గేజి, ఇప్పుడది బ్రాడ్‌గేజి అయిపోయింది గానీ మనం కట్టేది పాతదాన్నే. 762ని 87తో భాగిస్తే 8.76. హెచ్‌ఓ కన్నా చిన్నదైన ఎన్ స్కేలు పట్టా 9 మి.మీ. అంతకన్నా దగ్గర ఎక్కడ దొరుకుతుంది? మన బ్రాడ్‌గేజికి 19.3 రావాలి, హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే, అయినా దానికి ఎవరూ సిగ్గుపడరు. ఈ చిన్న లైనుకి 9 అంగుళాల వంపు చాలు, గోడ వెంట అడుగు వెడల్పు అర (షెల్ఫు) సరిపోతుంది, చివర తిప్పడానికి మాత్రం రెండడుగులు. మెయిన్ లైను బల్ల నౌపడ అవుతుంది, అర మీద కొండలు. ఎన్ ఇంజను చట్రం తీసుకుని ప్లాస్టిక్ షీటుతో పై బాడీ కట్టుకోవాలి. ఎన్ పట్టాకి స్లీపర్లు మరీ ఒత్తుగా ఉంటాయి, ఒకటి విడిచి ఒకటి తీసేయండి.

కంకర దగ్గర ఒక్క హెచ్చరిక. గోపాల్‌పూర్ ఇసుక ఊరికే వస్తోంది కదా అని తెచ్చి పోయకండి. ఛత్రపురం దగ్గర ఇల్మనైట్ (ఇనుము కలిసిన నల్ల ఖనిజం) తవ్వేది ఈ ఒడ్డు ఇసుకలోంచే. ఆ నల్లటి రేణువుల్ని ఇంజను మోటారు అయస్కాంతం పీల్చుకుని గేర్లలో పోసుకుంటుంది. పోయాల్సిందే అంటే రెండు మూడు నీళ్ళు కడిగి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి, పాత హార్డ్‌డిస్కు లోపలి అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఇసుక పల్చగా పరిచి నెమ్మదిగా తిప్పండి. కవరుకి నల్లటి మీసాలు మొలుస్తాయి. దులిపి మళ్ళీ తిప్పండి. మీసం మొలవడం ఆగాకే ఫెవికాల్ మూత తీయండి.