మిగిల్చిన రూపాయి ఎవరిది?

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గిరిసోల వైపు వెళ్లే మోటారు సైకిళ్లలో కొన్నింటికి అవతల వేరే పనేమీ ఉండదు. ట్యాంకు నింపుకొని వెనక్కి తిరుగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, మరో రూపాయి రోడ్ల సెస్సు ఉన్నాయి. ఒడిశాలో వ్యాట్ 28 శాతం. లీటరు దగ్గర ఐదు రూపాయలకు పైగానే మిగులుతుంది. రోజూ బండి మీద తిరిగి పొట్టపోసుకునేవాడికి నెల తిరిగేసరికి అది చిన్న మొత్తమేమీ కాదు.

ఇందులో తప్పు వెతికేవారున్నారు. నాకు మాత్రం ఏమీ కనబడలేదు. ధర బోర్డు మీద రాసి ఉంది, డబ్బు బంకులో కట్టారు, పన్ను ఒడిశా ఖజానాకు చేరింది. డబ్బాల్లో పట్టి ఇవతల అమ్ముకుంటే అది వేరే వ్యవహారం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక సబ్బుబిళ్ల మొదలు సైకిలు దాకా హద్దుకు రెండు పక్కలా ఒకటే పన్ను. పెట్రోలు, మద్యం ఆ లెక్కలోకి రాలేదు కాబట్టి హద్దు దాటే బేరాలు ఎక్కువగా వాటి చుట్టూనే తిరుగుతున్నాయి. మద్యం సంగతి ఇక్కడ వదిలేద్దాం. దాన్ని పొదుపు కింద రాసుకోవడానికి తాగేవాడికి కూడా మొహం చెల్లదు.

పొదుపుగా బతికేవాడు నిజాయితీగానే బతుకుతాడని మనకు ఒక గట్టి నమ్మకం. మోచేతి దగ్గర అతుకు వేసిన చొక్కాతో గుమాస్తా కనబడితే లంచం ముట్టడని ముందే తీర్మానించుకుంటాం. ఆర్భాటం ఉన్నచోట అక్రమం ఉందేమోనని అనుమానించడం సబబే కావచ్చు. దాన్ని తిరగేస్తే మాత్రం లెక్క కుదరదు. ఎంత తక్కువ ఖర్చు పెట్టాడన్నది ఒక ప్రశ్న, మిగిలిన రూపాయి ఎవరి దగ్గరి నుంచి వచ్చిందన్నది మరో ప్రశ్న. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఒడిశా ఊళ్లలో ఉండే తెలుగువాళ్లకు ఈ రెండో ప్రశ్న మిగతావారికంటే ఎక్కువసార్లు ఎదురవుతుంది. రెండు ధరలు, రెండు ప్రభుత్వాల పథకాలు, బంధువుల పుణ్యమా అని రెండు చిరునామాలు వారికి చేతికందే దూరంలోనే ఉంటాయి మరి.

బండి నంబరు సంగతే చూడండి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతోంది. బావమరిది చిరునామాతో బండి కొని, ఏళ్ల తరబడి ఒడిశా రోడ్ల మీద తిప్పుతూ, రోడ్డు పన్ను కలిసొచ్చిందని సంబరపడేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. గుంతల గురించి అందరికంటే గట్టిగా గొంతెత్తేదీ వాళ్లే. దుకాణంలో బిల్లు కావాలంటే ఒక ధర, వద్దంటే ఒక ధర చెప్పడం కూడా ఈ బాపతే. కొనేవాడూ అమ్మేవాడూ అక్కడ పంచుకుంటున్నది ఇద్దరిదీ కాని సొమ్ము. ఇవి తేలిక ప్రశ్నలు, వీటి దగ్గర ఎక్కువసేపు నిలబడనక్కరలేదు.

పింఛను దగ్గరికి వచ్చేసరికి నా నోరు అంత సులువుగా లేవదు. పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య ఆటోలో పోయేంత దూరమే. మహేంద్రతనయ ఏటికి ఆవల, పాతపట్నం వైపు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వృద్ధాప్య పింఛనును 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు చేసింది. ఒడిశాలో మధుబాబు పింఛను కింద 80 ఏళ్ల లోపు వృద్ధులకు వచ్చేది 1,000 రూపాయలు. పర్లాకిమిడిలో కొడుకు దగ్గర ఉండే ఒక పెద్దావిడకు పాతపట్నంలో కాపురం చేసుకుంటున్న కూతురు ఉందనుకోండి. ఆధార్‌లో చిరునామా మారిస్తే నెలకు మూడు వేలు ఎక్కువ. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటికే వచ్చి వేలిముద్ర తీసుకుంటాడు కనుక ముందురోజు సాయంత్రానికి కూతురింటికి చేరితే చాలు. రెండు చీరలు, మందుల సంచి, దారిలో మనవడికో బిస్కెట్ల పొట్లం.

ఆవిడను దొంగ అనగలమా? వెయ్యి రూపాయలతో బీపీ, షుగరు మాత్రలు కొనుక్కొని నెలంతా నెట్టుకురమ్మని చెప్పగలిగినవాడే ఆ మాట అనాలి. ఒకే వృద్ధాప్యానికి ఏరు దాటితే నాలుగింతల విలువ కట్టింది ప్రభుత్వాలు, ఆవిడ కాదు. అయితే అదే ఇంట్లో నెలజీతం తెచ్చుకునే కొడుకు ఉండి, చిరునామా మార్పించింది అతనే అయి, అమ్మ మందుల ఖర్చు తన జేబు నుంచి తప్పిందని లెక్క వేసుకుంటే నాకు అభ్యంతరం ఉంది. కాగితం మీద పేరు తల్లిది, మిగులు కొడుకుది. ఆధార్ ఒక్కటే కాబట్టి ఆ ఒక్క మార్పు మిగతా కాగితాలన్నింటినీ కదుపుతుంది. ఒడిశా రేషన్ కార్డులో పేరు ఎందుకుంది, అక్కడి ఓటర్ల జాబితాలో ఎందుకుంది అని రేపెవరైనా అడిగితే జవాబు చెప్పుకోవలసింది ఆ ముసలావిడే. కొడుకు ఆదా చేసిన డబ్బుకు జామీను తల్లి అన్నమాట.

రెండు రేషన్ కార్డుల విషయంలో ఒకప్పుడు చెప్పుకునే సాకు ఇప్పుడు చెల్లదు. పని కోసం విజయనగరమో విశాఖో వెళ్లిన రాయగడ కూలీకి అక్కడ బియ్యం ఎవరిస్తారు అనేవారు. నిజమే, ఎవరూ ఇచ్చేవారు కాదు. 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు వచ్చే ఐదు కిలోలు 2023 జనవరి నుంచి ఉచితం. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానం 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. సొంత ఊరి కార్డు మీదే ఏ రాష్ట్రంలోనైనా, వేలిముద్ర యంత్రం పనిచేసిన రోజున, ఆ బియ్యం తీసుకోవచ్చు. ఇక రెండో కార్డు దాచుకున్నవాడికి ఆకలి పేరు చెప్పుకునే వీలు లేదు.

కొఠియా మాత్రం దీనికి మినహాయింపు. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో, ఇటు సాలూరు కొండల అంచున ఉన్న ఆ 21 గ్రామాల కోసం రెండు రాష్ట్రాల తగవు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టు తలుపు తట్టింది. ఆ ఊళ్లలో మనిషికి రెండు పక్కల కార్డులూ ఉండడం వింత కాదు, రెండు పక్కల అధికారులూ కొండెక్కి వచ్చి ఇచ్చి వెళ్లినవే అవి. ఎవరి మనిషో తేల్చకుండా ఇద్దరూ తమవాడే అంటుంటే, రెండు చేతులతోనూ పుచ్చుకున్న కొండమనిషికి నిజాయితీ పాఠం చెప్పడం కంటే ఆ రెండు ప్రభుత్వాలనూ కూర్చోబెట్టి మాట్లాడించడం మేలు.

అసలు నన్ను ఎక్కువగా వేధించేది ఏ చట్టానికీ అందని పొదుపు. అది వారపు సంతలో కనబడుతుంది.

గుణుపురం చుట్టుపక్కల సంతలకు కొండల మీది సవర గిరిజన ఆడవాళ్లు తెల్లవారకముందే దిగుతారు. చింతపండు, పసుపు, కందులు, కొండచీపుర్లు, కుట్టిన అడ్డాకు విస్తర్లు. గంపల్లో, నెత్తి మీద. మధ్యాహ్నం దాకా బేరం ఒక రకంగా సాగుతుంది. తిరుగు జీపు వెళ్లే వేళ దగ్గరపడే కొద్దీ ధర దానంతటదే జారుతుంది. మోసుకొచ్చిన గంపను మళ్లీ కొండ మీదికి మోసుకుపోలేరు కదా. ఆ సంగతి ఊళ్లోని ఉద్యోగస్తుల ఇళ్లలో అందరికీ తెలుసు. అందుకే కొందరు మూడు దాటాకే సంచి పట్టుకొని బయలుదేరతారు. పసుపు కొమ్ము విరిచి వాసన చూసి మొహం చిట్లించడం, రెండడుగులు వేసి వెనక్కి రావడం, తూకం అయ్యాక గంపలో చెయ్యి పెట్టి పిడికెడు చింతపండు కొసరు లాక్కోవడం, ఇదంతా చూసి చూసి నేర్చుకున్న విద్య. ఇంటికి వెళ్లి కిలోకు ఇరవై రూపాయలు తగ్గించుకొచ్చామని చెబితే అందరూ మెచ్చుకుంటారు. సంసారం చక్కదిద్దడం అంటే ఇదేనన్న కితాబు కూడా దొరుకుతుంది.

అబద్ధం ఆడలేదు, దొంగతనం చేయలేదు. చట్టం వైపు నుంచి చూస్తే అంతా సవ్యమే. కానీ ఆ ఇరవై రూపాయలు ఆమె రోజుకూలిలోంచి తెగిపడ్డవి. చెట్టెక్కి దులిపి, పెచ్చు తీసి, ఎండబెట్టి, మైళ్ల దూరం మోసిన శ్రమకు ధర కట్టేటప్పుడు జీపు వేళను చూపించి బెదిరించడం నిజాయితీ కిందికి వస్తుందా? గింజతో ఉన్న చింతపండుకు 2020లో కేంద్రం కిలోకు 36 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ఆ అంకె తెలిసిన మేష్టారు కూడా సంతలో దాన్ని మరిచిపోతాడు. బజారులో బ్రాండు పసుపు పొట్లానికి అచ్చేసిన ధర నోరు మెదపకుండా ఇచ్చేదీ ఆయనే. బేరం ఆడవద్దని నేననడం లేదు. సంత అంటేనే బేరం, అమ్మేవాళ్లూ పదెక్కువే చెబుతారు. నేను పట్టించుకునేది బేరం ఆడే వేళను మాత్రమే.

ఈ కొండల వర్తక చరిత్రలోనే నా అనుమానానికి ఆధారం ఉంది. మైదానం నుంచి ఏజెన్సీకి ఎగబాకిన సాహుకార్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లలో చాలామంది దుబారా అంటే తెలియని మనుషులు. గంజి తాగారు, నేత పంచె కట్టారు, దీపం ఒత్తి తగ్గించి పద్దులు రాసుకున్నారు. ఆ పద్దుల్లోనే పుట్టెడు ధాన్యం అప్పు తరం మారినా తీరని అప్పయింది, కొనే కుంచం ఒకటి, అమ్మే కుంచం మరొకటి అయింది. అప్పు కింద మనిషినే జీతానికి కట్టేసుకునే గోతి పద్ధతి కొరాపుట్ ప్రాంతంలో ఎంత వేళ్లూనుకుందంటే, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక కూడా దాన్ని పెకలించడానికి ఏళ్లు పట్టింది. గిరిజనుల భూమి ఇతరులకు పోకుండా 1956లోనే ఒడిశా ప్రత్యేక రెగ్యులేషన్ తేవలసి వచ్చింది. సాహుకారు గంజి నిజం, దొంగ కుంచమూ నిజం. రెండూ ఒకే ఇంట్లో ఏ ఇబ్బందీ లేకుండా కలిసి కాపురం చేశాయి. పొదుపును చూసి మనిషిని నమ్మేవాళ్లు ఆ ఇంటిని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇప్పుడు కుంచం పోయి, మండీలో ధాన్యం అమ్ముకోవడానికి రైతు పేరు మీద ఇచ్చే టోకెను వచ్చింది. 2024-25 ఖరీఫ్‌లో వరికి కేంద్ర మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఒడిశా ప్రభుత్వం దాని మీద 800 కలిపి 3,100 ఇచ్చింది. హద్దుకు ఆంధ్ర వైపున్న ధాన్యం ఒడిశా మండీ వైపు చూడకుండా ఎలా ఉంటుంది? అక్కడ అమ్మాలంటే ఒడిశా రైతు పేరుతో నమోదు, టోకెను ఉండాలి. ఎకరం పొలం ఉండి, పంట అంతంతమాత్రంగా పండిన చిన్న రైతుకు వ్యాపారి చెప్పే మాట సూటిగా ఉంటుంది. నీ టోకెను ఎలాగూ ఖాళీగా ఉంది, నా బస్తాలు నీ పేరు మీద వెళ్తాయి, నీకింత ఇస్తాను. పెట్టుబడి లేదు, కష్టం లేదు. గుట్టుగా సంసారం చేసుకునేవాడికి అయాచితంగా వచ్చిన మిగులులాగే అనిపిస్తుంది. సహకార సంఘం కొనే ధాన్యానికి ఒక పరిమితి ఉంటుందనీ, పక్క పొలంవాడి బస్తాలు కళ్లంలో వానకు తడిసేది అందుకేననీ ఆ క్షణాన ఎవరూ గుర్తు చేయరు. ఇక్కడ కూడా నష్టం ప్రభుత్వానిదేనని అందరూ సరిపెట్టుకుంటారు, కానీ నష్టపోయినవాడు రోజూ టీకొట్టు దగ్గర ఎదురుపడే మనిషే.

ఇంతకీ తక్కువలో బతికేవాళ్లు ఆడే అబద్ధాల్లో డబ్బు కోసం ఆడేవి కొన్నే. ఎక్కువ అబద్ధాలు సిగ్గు కోసం. శ్రీకాకుళంలో దగ్గరి బంధువుల పెళ్లి ఉంటుంది. బస్సు చార్జీలు, బట్టలు, చదివింపులు కలిపితే నెల బడ్జెట్టు తలకిందులు. వెళ్లకపోతే మాట వస్తుంది. అప్పుడు ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది, లేదా ఒడిశాలో పిల్లల పరీక్షలు అడ్డం వస్తాయి. అవతలివాళ్లకు ఆ జ్వరం సంగతి తెలుసు, వాళ్లూ రేపు మనింటి శుభకార్యానికి అలాంటి జ్వరమే తెచ్చుకుంటారు. కొందరు మరో దారి పడతారు. అప్పు చేసి చదివించి, ఆ అప్పు తీర్చడానికి చీటీ ఎత్తి, చీటీ కట్టడానికి దుకాణంలో బాకీ పెట్టి, చివరికి కిరాణా కొట్టు ముందు నుంచి వెళ్లడం మానేసి వెనక వీధి పట్టుకుంటారు. మాట మీద నిలబడే మనిషిని ఇలా తప్పించుకు తిరిగేవాడిగా మార్చింది దురాశ కాదు. నాకింత స్తోమత లేదు అన్న చిన్న మాట నోరు దాటలేకపోవడం.

ఆ మాట ఒంటరిగా అనడం కష్టం. పదిమంది కలిస్తే తేలికవుతుంది. పెళ్లి పందిట్లో కూర్చొని చదివింపుల పద్దు రాసే పెద్దమనిషి, మైకులో పేరు చదివి ఊరుకొని, ఎంత ఇచ్చారన్న అంకె చదవడం మానేసి చూడమనండి. ఆ రోజున జ్వరాలు సగానికి సగం తగ్గుతాయి.