నోరు లేని ఉద్యోగి కావలెను

మొన్న ఆదివారం విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఓ కోనాం బేరమాడాను. కత్తిపీట మీద పొట్ట చీరగానే పేగులోంచి నూలుపోగంత పురుగు మెలికలు తిరుగుతూ బయటపడింది. నా మొహం చూసి చేపలమ్మ నవ్వింది. "ఏటి బాబూ, పురుక్కే బయమా? తీసి పారేత్తే పోద్ది గదా!" అంది. పారేసింది, పోయింది. మిగతా చేపలో సీసం ఎంతుందో, పాదరసం ఎంతుందో నేను అడగలేదు. కంటికి కనబడని వాటి గురించి పదిమందిలో అడగడం మర్యాద కాదు.

పురుగు మీద జాలితో కాదు, కాలుష్య నియంత్రణ మీద బెంగతో ఈ విన్నపం రాస్తున్నాను: నీళ్లు తనిఖీ చేసే ఉద్యోగం పురుగుకే ఇప్పించండి. ముళ్లతల పురుగులని ఒక జాతి ఉంది. తలకున్న కొక్కేలను చేప పేగు గోడలోకి దిగేసి వేలాడుతుంటాయి. వాటికి నోరు లేదు, పేగూ లేదు. కావలసినదంతా చర్మంతోనే పీల్చుకుంటాయి. తొందరపడకుండా మరోసారి చదవండి: నోరు లేదు. అంటే తినే ప్రసక్తే లేదు. ఫ్యాక్టరీ తనిఖీకి వెళ్లి కనీసం టిఫిను కూడా చేయని అభ్యర్థి ఏ సర్వీస్ కమిషన్ పరీక్షలో దొరికాడు మనకి?

అనుభవం కావాలంటారా? 1990లలో జర్మనీ పరిశోధకులు నది చేపల్లో ఈ పురుగుల్ని పరీక్షించారు. చేప కండలో ఉన్న సీసం కంటే పురుగు ఒంట్లో 2,700 రెట్లు తేలింది. జరిగేదేమిటంటే, చేప కాలేయం సీసాన్ని పైత్యరసంలో కలిపి పేగులోకి పంపుతుంది. ఆ పైత్యరసం కోసమే కాచుక్కూర్చున్న పురుగు, దాంతోపాటు సీసాన్నీ లాగేసుకుంటుంది. పురుగున్న చేప పేగులో సీసం, పురుగు లేని చేపలో కంటే తక్కువట! అద్దె ఎగ్గొట్టినా ఇల్లు మాత్రం ఊడ్చే కిరాయిదారన్నమాట. ఇది మంచినీళ్ల సంగతి కదా అంటారేమో. పర్షియన్ గల్ఫ్ సొరచేపల మీద 2007లో వచ్చిన పరిశోధనలో, వాటి బద్దెపురుగుల్లో సీసం, కాడ్మియం సొర కండలో కంటే వందల రెట్లు కనబడ్డాయి. కనుక పురుగు వర్గానికి సముద్రానికి బదిలీ అయినా అభ్యంతరం లేదు.

ఇప్పుడున్న పద్ధతిలో లోపం ఉందని నేననను. తనిఖీ ఫలానా రోజని ముందే తెలిస్తే, ఆ రోజు ఫ్యాక్టరీ గొట్టం చివర నీళ్లు కొబ్బరినీళ్లలా వస్తాయి. ఏ గొట్టమని అడక్కండి, నాకు పిల్లలున్నారు. తనిఖీవాళ్లు బాటిల్లో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి. పురుగు అలా కాదు, జోరువానలో అర్ధరాత్రి వదిలిన దాన్ని కూడా వారాల తరబడి ఒంట్లోనే రాసి పెట్టుకుంటుంది. ఓవర్‌టైమ్ అడగదు.

అసలు పురుగే కనబడని చేప దొరికితే పండగ చేసుకోవచ్చా? కొన్ని పరాన్నజీవులకు నత్తలో బాల్యం, చేపలో యవ్వనం, చేపను తిన్న పక్షిలో కాపురం. నీళ్లు పాడై నత్త చస్తే ఆ వంశం అక్కడితో సరి. చేప పొట్ట శుభ్రంగా ఉంటుంది, మన రిపోర్టులాగే.

పాదరసం దగ్గర మన పెద్దల వివేకాన్ని మెచ్చుకోవాలి. చిన్న చేపను పెద్దది, దాన్ని ఇంకా పెద్దది తింటూ పోతే పాదరసమంతా పైనున్న సొరకి చేరుతుంది. కండను పట్టుకుని కూర్చున్న ఆ పాదరసం నిమ్మకాయ పిండినా, పసుపు రాసినా, వేయించినా దిగదు. పాలిచ్చే తల్లులు సొర జోలికి పోవద్దని అమెరికా ఆహార శాఖ చెబుతుంది. మనం సరిగ్గా బాలింతకే, పాలు పడతాయని, పాలసొర వెతికి మరీ వండి పెడతాం. పొట్టలో పురుగుంటే మాత్రం పెట్టం, ఛీ!

చేపలమ్మ విసిరిన పేగులు హార్బర్ పిల్లి ముందు పడ్డాయి. జపాన్‌లోని మినమాటాలో పాదరసం చేపల జబ్బు అధికారికంగా బయటపడింది 1956లో. మనుషుల కంటే ముందు అక్కడి పిల్లులు వణికి, గిరగిరా తిరిగి చచ్చాయి. ఆ సంగతి గుర్తొచ్చి కాసేపు నిలబడి చూశాను. నేను దరఖాస్తు రాయబోతున్న అభ్యర్థిని అది ఒక్క గుటకలో మింగి, మూతి నాక్కుని, వలల చాటుకి తిన్నగానే నడిచింది.

"కొట్టీమంటారా, బాబూ?" అంది చేపలమ్మ. ముక్కలు పెద్దవిగా కొట్టమన్నాను.