డాక్టర్‌ని ఆపే హక్కు ఆయమ్మకి ఎప్పుడిస్తారు?

క్వారంటైన్ వార్డు తెరుస్తున్నారంటే చాలు, సర్క్యులర్ దిగుతుంది: టీమ్‌వర్క్ శిక్షణ, అందరూ విధిగా హాజరు కావాలి. తీరా వెళ్తే డాక్టర్లకి ఒక హాల్, నర్సులకి ఇంకో హాల్, ల్యాబ్ వాళ్లకి మధ్యాహ్నం. ఆయమ్మలకీ, వార్డు బాయ్‌లకీ, అంబులెన్స్ డ్రైవర్లకీ అయితే "మీ సూపర్‌వైజర్ చెప్తారులే" అన్న ఒక్క ముక్క. ఎవరి బ్యాచ్ వాళ్లదే అయితే ఇందులో టీమ్ ఎక్కడుంది స్వామీ?

నేను నర్సుని. ఇలాంటి క్లాసులు చాలానే విన్నాను. స్లైడ్లో నలుగురు చేతులు కలిపి నవ్వుతుంటారు, సంతకం పెట్టి వచ్చేస్తాం. మర్నాడు వార్డులో మన పక్కన నిలబడే మనిషి మొహం అప్పుడే మొదటిసారి చూస్తాం, అదీ మాస్కు వెనకాల.

2014లో అమెరికాలోని డాలస్‌లో ఏం జరిగిందో గుర్తుందా? జ్వరంతో వచ్చిన మనిషి తాను ఆఫ్రికా నుంచి వచ్చానని నర్సుకి చెప్పాడు. ఆ సంగతి మొత్తం బృందానికి చేరలేదని ఆసుపత్రే తర్వాత ఒప్పుకుంది. యాంటీబయాటిక్స్ ఇచ్చి ఇంటికి పంపేశారు. కొద్ది రోజులకే అంబులెన్స్‌లో తిరిగొచ్చాడు, ఎబోలా అని తేలింది, చనిపోయాడు. అతనికి సేవ చేసిన ఇద్దరు నర్సులకీ సోకింది, అదృష్టం బాగుండి బతికారు. అదే అక్టోబర్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, నిబంధనలు బిగించింది: పీపీఈ, అంటే గౌను, మాస్కు, గ్లవ్స్ లాంటి రక్షణ తొడుగులు, వేసుకునేటప్పుడూ విప్పేటప్పుడూ శిక్షణ పొందిన పరిశీలకులు ఒకరు ఎదురుగా నిలబడి ప్రతి స్టెప్పూ చూడాలి.

అసలు కథంతా ఈ విప్పే దగ్గరే ఉంది. షిఫ్టు అయిపోయింది, ఒళ్లంతా చెమట, గొంతు ఎండిపోతోంది, ముక్కు మీద దురద. గౌను బయటి వైపు లోపలికి పోయేలా మడుస్తూ తీయాలి, మాస్కుని ముందు ముట్టుకోకుండా వెనక పట్టీలతో లాగాలి. ఇవన్నీ తెలిసిన సీనియర్ డాక్టర్ చెయ్యే అలవాటుగా మాస్కు ముందుకి పోతుంది. ఎదురుగా పరిశీలకురాలిగా ఆయమ్మ ఉంది. ఆ అర సెకనులో ఆమె నోట "ఆగండి సార్" అన్న మాట వస్తుందా? ఏళ్ల తరబడి ఆ సార్ ముందు నోరు విప్పని మనిషికి పవర్‌పాయింట్ చూపిస్తే వచ్చేస్తుందా? అది పదిసార్లు అని అలవాటు కావాలి. అంతకన్నా ముఖ్యం, సార్‌కి పదిసార్లు విని ఆగడం అలవాటు కావాలి. మనవాళ్లు "ధైర్యంగా మాట్లాడండి" అని కింది వాళ్లకే క్లాసు పీకుతారు. వినడం నేర్పే క్లాసు పైవాళ్లకి పెట్టినట్టు నేనైతే చూడలేదు.

2006లో అమెరికాలో మొదలైన టీమ్‌స్టెప్స్ అనే శిక్షణలో దీనికి ఒక పద్ధతే ఉంది. భద్రతకి సంబంధించిన మాట మొదటిసారి చెవికెక్కకపోతే రెండోసారి చెప్పి తీరాలి, అప్పటికీ వినకపోతే ఆ పై వాళ్లకి చెప్పాలి. డోసు చెబితే విన్నవాళ్లు అదే అంకెని తిరిగి పలకాలి. ఎన్95 మాస్కు, దాని మీద ఫేస్ షీల్డ్ పెట్టుకుంటే సగం మాటలు గొణుగుడే కాబట్టి క్వారంటైన్‌లో ఇది మరీ అవసరం. గౌను మీద మార్కర్‌తో పేరూ, పనీ పెద్దగా రాసుకోవడం ఇంకా చిన్న పని. అది కూడా కొందరు పెద్దలకి నామోషీ.

"లోపల పని చెయ్యడానికే మనుషుల్లేరు, అందర్నీ ఒకచోట కూర్చోబెట్టేదెప్పుడు?" అంటారు. నిజమే, పైగా అంటురోగం రోజుల్లో హాలు నింపడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. హాలెందుకు అసలు? ఒకే షిఫ్టులో దిగే ఐదారుగురు, లోపలికి వెళ్లేముందు ఓ పావుగంట, పీపీఈతోనే. ఆ ఐదారుగురినీ రోస్టర్‌లో విడగొట్టకుండా ఉంచితే చాలు. ట్రైనింగ్ ఒకరితో, డ్యూటీ ఇంకొకరితో అయితే నేర్చుకున్నదంతా గంగపాలే.

ఇక కాంట్రాక్ట్ స్టాఫ్ సంగతి. "వాళ్లు ఏజెన్సీ మనుషులు, వాళ్ల ట్రైనింగ్ వాళ్లు చూసుకుంటారు" అని సంతకాల రిజిస్టర్లో కూడా పేరు ఉండదు. రోగి వాంతి తుడిచేది, వ్యర్థాల సంచి మూతి కట్టేది ఆ మనిషే కదండీ! ఈసారి డ్రిల్ పెడితే పరిశీలకుల స్థానంలో ముందు ఆమెనే నిలబెట్టండి. ఆమె ఎదుట మొదట గౌను విప్పాల్సింది డిపార్ట్‌మెంట్ హెడ్.